కొస మడికి ముందు

రండి, ఆ పీట ఇటు జరుపుకొని నా పక్కన కూర్చోండి. దూరం కూర్చుంటే వినపడదు. వెనక గోడకు అవతల కంపెనీ మిషను ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. నాకు అది వినపడటం ఎప్పుడో మానేసింది, మీకు కొత్త. కిటికీ ఇప్పుడే మూశాను, ఉక్కపోసినా ఓర్చుకోండి. పొద్దు వంగితే చాలు, మా వాడలో ఒక వాసన లేస్తుంది. మురిగిన కోడిగుడ్డు మీద సబ్బు నురగ పోసినట్టు ఉంటుంది. మా ఇంట్లో కిరాయికి ఉండే ఒడిశా పిల్లలు వచ్చిన కొత్తలో ముక్కులకు తువ్వాళ్లు కట్టుకొని పడుకునేవారు. ఇప్పుడు వాళ్లూ ఆ వాసనలోనే కూర తాలింపు వేసుకొని నవ్వుకుంటూ తింటున్నారు. మనిషికి అలవాటు కానిది ఏదీ లేదని మా అమ్మ అనేది. ఆ మాట ధైర్యం చెప్పడానికి అన్నదో, తిట్టడానికి అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను చదివింది తక్కువ. మా నాయిన నీరటి. అంటే ఊరి చెరువు తూము తెరిచి, మూసి, ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు పోవాలో చూసే మనిషి. వానాకాలం ఆయన కట్ట దిగేవాడు కాదు, ఆయనకు గటక, అంటే జొన్న సంకటి, గిన్నెలో మోసుకుపోవడానికి నేను కావాలి. అందుకని నాకు అక్షరాలు చలికాలంలో వచ్చాయి, మిగతావన్నీ వానాకాలంలో వచ్చాయి. పాశమైలారం దిక్కు మీరు ఎప్పుడైనా వస్తే, లారీలు ఆగే చోట రోడ్డుకు కిందుగా ఒక పెద్ద గుంత కనిపిస్తుంది, అంచున తుమ్మ చెట్లు, నడుమ నల్లటి నీళ్లు. దాన్ని ఇప్పుడు ఎవరూ చెరువు అనరు. నేను అంటాను.

పోయిన ఆదివారం మధ్యాహ్నం బాలమణి వచ్చింది. బాలమణి, నేను ఒక్క ఈడు వాళ్లం, ఒక్క కట్ట మీద పెరిగినవాళ్లం. ఆమె వాళ్ల మడి ఆయకట్టు కొసన ఉండేది, ఊరివాళ్లు వాళ్ల ఇంటి పేరే మరిచి "కొసమడోళ్లు" అనేవారు. ఆ రోజు మా పాత సర్పంచి సత్తిరెడ్డి పెద్దకర్మ. నాలుగు రోడ్ల దగ్గర ఆయన ఫోటోతో ఇంత ఎత్తు ఫ్లెక్సీ కట్టారు, "ప్రజల మనిషి" అని రాసి. దాన్ని కట్టించిన వాళ్లలో మా శ్రీను ఒకడు. శ్రీను నా కొడుకు, మందుల కంపెనీలో సూపర్‌వైజరు. బాలమణి గడప దగ్గరే కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఓ సాయీ, ఇన్ని నీళ్లియ్యి. ఆడ తినలే, తాగలే," అంది నన్ను చూసి.

"అదేంది పెద్దమ్మా," అన్నాడు శ్రీను, "ఊరంత తిన్నది. నువ్వు తినకుండ వస్తవా?"

"ఊరంత తిన్నంక నేనొక్కదాన్ని తినకుంటే ఆయనకేం తక్కువాయె బిడ్డా? నేను తిననీకి పోలే. చూడనీకి పోయిన. ఫోటోల నవ్వుతుండు. చిన్నప్పటి పండ్లే, మారలే."

కొనుక్కున్న నీళ్ల డబ్బా వంచి ఆమెకు గ్లాసు నింపి ఇచ్చాను. అంతలో చాప మీద బోర్లా పడుకొని ఫోన్‌లో ఆట ఆడుతున్న నా మనవరాలు నవ్య, ఇంటర్ చదువుతుంది, కాళ్లు కొట్టుకుంటూ అరిచింది. "నానమ్మా, టైం లేదు, జల్దీ చెప్పు! గేటు ముయ్యాల్నా, వద్దా?"

ఆ ఆట నాకు ముందే చూపించింది. అందులో ఒక కోట ఉంటుంది, కోటలో రాజు. రాజు మన చేతిలో ఉంటాడు, అంటే రాజు చేసేవన్నీ మనం చెయ్యాలి. ఎత్తున కొండల మీదుగా ఒక పొగ భూతం దిగి వస్తుంది. అది తాకిన చోట పంట మాడిపోతుంది, మనుషులు బూడిదవుతారు. కోట బయట గుడిసెల్లో ఉన్న జనం అది చూసి గేటు వైపు పరిగెత్తి వస్తారు. అందరూ లోపలికి వచ్చేదాకా గేటు తెరిచి పెడితే పొగ కూడా లోపలికి వస్తుంది. మూసేస్తే కోట బతుకుతుంది, బయటివాళ్లు పోతారు. వేలెడంత మనుషులు, నెత్తి మీద మూటలు, చంకన పిల్లలు, ఎంత బాగా చేశారో.

"మూసెయ్ బిడ్డా," అన్నాడు శ్రీను, కుర్చీలోంచి వంగి చూస్తూ. "రాజన్నోడు ఒక్కొక్కల్ల మొఖం చూసుకుంట కూసుంటే రాజ్యం నడవది. ఊరు బతకాలంటే కొస ఇండ్లు పోతయ్. తప్పది."

"వాళ్లు ఏం తప్పు చేసిండ్రు నాన్నా? టాక్సు కట్టింది వాళ్లే, గోడ కట్టింది వాళ్లే. ముందు లెవెల్‌ల రాళ్లు మోపిచ్చింది నేనే."

"తప్పు చేసిండ్రని ఎవరన్నరు? పెద్ద మనిషి లెక్క ఆలోచించాలె అంటున్న. పది మందిని కాపాడనీకి ఒకన్ని ఇడిసిపెట్టేటోడే లీడరు. ఏడ్సుకుంటనన్న ఇడిసిపెట్టాలె."

బాలమణి గ్లాసు కింద పెట్టింది. నేను ఆమె వైపు చూశాను, ఆమె నా వైపు చూసింది. కొస ఇండ్లు పోతయ్, తప్పది. ఆ మాట ముందు ఒకసారి కట్ట మీద నేను విన్నాను, నా నోటి నుంచి బాలమణి విన్నది.

"బిడ్డా, ఆ రాజు యాడున్నడు?" అని అడిగింది బాలమణి.

"లోపల. మీది అంతస్తుల."

"ఆయన్ని బయటికి తోలు. భూతానికి ఎదురు తోలు."

నవ్య పక్కున నవ్వింది. "గట్ల ఉండదవ్వా. రాజును బయటికి పంపే బటన్ లేదు."

"మా ఆటల ఉండె."

నవ్య ఆట ఆపింది. కొండ నడుమ పొగ నిలబడిపోయింది, జనం ఎత్తిన కాళ్లు ఎత్తినట్టే ఉండిపోయారు. "మీరు గూడ గిట్లాంటి ఆట ఆడిండ్రా?" అంది, మేము విమానం నడిపామన్నట్టు మొహం పెట్టి.

ఆడాం. ఎండాకాలం చెరువు నీళ్లు నడుమకు కుంచించుకుపోయి, శిఖమంతా, అంటే చెరువు లోపలి నేలంతా, తేలేది. అడుగున నల్లటి ఒండ్రు మట్టి, పట్టుకుంటే వెన్నలాగా జారేది. ఆ మట్టి వాసన, తడి ఆరుతున్నప్పుడు వచ్చేది, దానికి ఈ లోకంలో జోడు లేదు. కొంచెం చేప, కొంచెం కొత్త కుండ, కొంచెం బాలింత దగ్గర వచ్చే వాసన. రైతులు ఆ మట్టినే బండ్లకెత్తుకొని మళ్లకు తోలుకునేవారు. వాళ్లు తవ్వగా మిగిలిన గడ్డలతో మేము కోట కట్టేవాళ్లం. కోట బయట గుడిసెలు ఎవరివి వాళ్లే చేసుకోవాలి. పాదం మీద తడి మట్టి అద్ది, చేత్తో తట్టి తట్టి గట్టి చేసి, మెల్లగా కాలు వెనక్కి లాగితే గుడిసె నిలబడుతుంది. ఎవరి పాదమంత వాళ్ల ఇల్లు. కోటలో పటేల్ కొడుకు సత్తిరెడ్డి రాజు. మోదుగాకుల కిరీటం, వాళ్ల నాయిన పాత రుమాలు భుజం మీద. నేనెప్పుడూ రాకాసిని. నా గొంతు పెద్దది, జుట్టుకు నూనె ఉండేది కాదు, అందుకని నన్ను వేరే వేషం అడగలేదు.

రాకాసి ముళ్లకంప ఈడ్చుకుంటూ వచ్చి కోట ముందు నిలబడి "ఆకలి" అని అరవాలి. రాజు తన ప్రజల్లో ఒకరిని ఇవ్వాలి. రాజు ఇచ్చిన పిల్లలు తమ గుడిసెను తమ కాలితోనే తొక్కి, పోయి ఎండలో బండ మీద కూర్చోవాలి. ఆట అయిపోయాక పంచుకునే జొన్న పేలాల్లో వాళ్లకు వాటా లేదు. సత్తిరెడ్డి ప్రతిసారీ మొదట బాలమణినే ఇచ్చేవాడు. ఎందుకంటే ఆమె గుడిసె అందరికన్నా దూరంగా ఉండేది. కోట దగ్గర జాగా పెద్దింటి పిల్లలు పట్టుకుంటే, ఆమె ఎక్కడ కడుతుంది?

ఒక మధ్యాహ్నం ఆమె గుడిసె తొక్కలేదు. నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడింది.

"నేను పోను. ఊకె నేనేనా? నువ్వు రాజువైతే నువ్వే పో."

"రాజు పోతే రాజ్యం ఎవరు ఏల్తరే, పిచ్చిదానా?"

"బండ మీద కూసున్నదానికి ఎవడు ఏల్తే ఏంది?"

పిల్లలందరూ రెండు పాయలై అరుచుకున్నారు. నన్నూ అడిగారు, నువ్వేమంటవే రాకాసీ అని. నాకు ఎవరైనా ఒకటే, ఆకలి తీరితే చాలు అన్నాను. చివరికి కట్ట మీద చుట్ట కాల్చుకుంటున్న మా నాయిన దగ్గరికి పంచాయితీ పోయింది.

నాయిన సంగతి చెప్పాలి. ఆయన నీళ్లను ముందు వాసన చూసేవాడు, తర్వాత చూసేవాడు, చివరికి తాకేవాడు. పొద్దున్నే దోసిట్లోకి నీళ్లు తీసుకొని, కళ్లు మూసుకొని ముక్కు దగ్గర పెట్టుకొని, "నిన్న మీది ఊర్ల వాన పడ్డది" అనేవాడు. తూము దగ్గరికి చెప్పులతో పోయేవాడు కాదు. తెరిచే ముందు మొదటి దోసెడు నీళ్లు కట్టకే పోసేవాడు, "మోసేదానికి ముందు" అని. మా అమ్మ మాత్రం, "ఊరందరి మళ్లకు నీళ్లిచ్చుడే గని, ఇంట్ల కుండ నింపనీకి మనిషి లేడు" అని సణిగేది. ఆయన వినపడనట్టు చుట్ట ఇంకో మూలకు మార్చుకునేవాడు. ఆ రోజు పిల్లల మాట అంతా విని, చుట్ట ఆర్పి చెవిలో పెట్టుకున్నాడు.

"సూడు చిన్న పటేలా. కరువు ఏడు నేను నీళ్లు ఎవరికి ముందు ఇడుస్త?"

"కొస మడికి."

"మీ నాయిన మడికి?"

"ఆఖరుకు."

"ఎందుకు? కట్ట కిందనే ఉన్నది గద, మీ మడి. తూము తెరిసినా తెరవకపోయినా కట్ట కిందకెల్లి ఊట దిగుతది, దాని వేళ్లు తడుస్తయ్. కొస మడికి ఊట లేదు, వాన లేదు, తూము ఒక్కటే దిక్కు. గందుకే కొసకు ముందు. మీ తాతల కాలం కట్టడి ఇది, నాది కాదు. రాజంటే మొదటి మడి. ఆయనకు గోడ ఉన్నది, గాదె ఉన్నది, అదే ఆయన ఊట. పేలాలైతే గుడిసెకు ముందు. రాకాసైతే రాజుకు ముందు."

సత్తిరెడ్డి మూతి ముడిచాడు. "గట్లయితే ఎవడన్న రాజైతడా మామా?"

నాయిన నవ్వాడు. "గందుకే అందరు రాజులు కారు."

సత్తిరెడ్డి కిరీటం నేలకు కొట్టి ఇంటికి పోయాడు. నిజం చెప్పాలి కదా, మర్నాడు తానే వచ్చాడు. కొత్త ఆకులతో కిరీటం కుట్టుకొని వచ్చాడు. నేను ముళ్లకంప ఈడ్చుకుంటూ పోయి "ఆకలి" అని అరిచాను. కోట గుమ్మంలోంచి రాజు ఒక్కడే బయటికి వచ్చాడు. ఆట అని తెలిసినా, కిరీటాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకొని వచ్చాడు. నాకూ ఏం చెయ్యాలో తోచలేదు, రాజును తినడం అంతకు ముందు ఎప్పుడూ జరగలేదు. నేను చెయ్యి చాపేలోపల, ఎవరు ముందు కదిలారో, గుడిసెల దగ్గర ఉన్న పిల్లలంతా ఒక్క అరుపు అరిచి నా మీద పడ్డారు. బాలమణి అందరికన్నా ముందు. నన్ను ఎత్తుకుపోయి చెరువు నీళ్లలో ముంచారు. ఆ పూట పేలాలు పంచేటప్పుడు బాలమణి తన కొంగులోంచి మొదటి గుప్పెడు తీసి సత్తిరెడ్డి చేతిలో పోసింది. వాడు పండ్లన్నీ కనపడేలా నవ్వాడు. ఫ్లెక్సీ మీద ఉన్నది అదే నవ్వు.

వాడు తెలియనివాడైతే నాకు ఇంత చేదు ఉండేది కాదు. తెలుసు. ఒక్కసారి బయటికి వచ్చి చూశాడు, ఏమవుతుందో కళ్లారా చూశాడు.

కంపెనీలు వచ్చినప్పుడు మేమందరం సంతోషపడ్డవాళ్లమే, అబద్ధమెందుకు. చెరువుకు మీదుగా ఉన్న గైరాన్ భూమిలో పశువులు మేసేవి, అక్కడ గోడలు లేచాయి. పొగ గొట్టాలు లేచినప్పుడు పిల్లలను ఎత్తుకుపోయి చూపించుకొచ్చారు. అప్పటికి నాకు పెళ్లయి, శ్రీను కడుపులో పడి, పురిటికి అమ్మగారింటికి వచ్చి ఉన్నాను. బాలమణికి అన్నదమ్ములు లేరు, అంజయ్య ఇల్లరికం వచ్చి ఆ కొస మడి చేస్తూ, మిగతా పొద్దు సత్తిరెడ్డి ఇంట్లో జీతం ఉండేవాడు. సత్తిరెడ్డి అప్పటికి సర్పంచి.

ఆ వానాకాలం చిన్న వానలకే నాట్లు పడ్డాయి, ఆలస్యంగా వచ్చిన మొదటి పెద్ద వానకు చెరువు నిండింది. నిండిందని అమ్మ పాయసం వండింది. నాయిన పొద్దున్నే దోసిలి పట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్లు తెరిచి, మళ్లీ ఒకసారి వాసన చూశాడు. తర్వాత దోసిలి వదిలేసి, చేతులు మట్టితో రుద్దుకున్నాడు, మళ్లీ రుద్దుకున్నాడు. "ఇది ఏడికెల్లి వచ్చిందో నాకు తెలుస్తలేదు సాయీ" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను మొదటిసారి విన్నాను. పొద్దెక్కేసరికి నీళ్లు డికాషన్ రంగుకు తిరిగాయి. నిండిన నీళ్లు పొర్లిపోయే మత్తడి దగ్గర నురగ పత్తి కుప్పలాగా లేచింది. చేపలు పొట్టలు పైకి చేసుకొని తేలాయి. బర్రెలు గట్టు దాకా వచ్చి, మూతి ముందుకు చాపి, వెనక్కి తిరిగాయి.

అదే మధ్యాహ్నం సత్తిరెడ్డి కట్ట మీదికి వచ్చాడు. తెల్ల బట్టలు, వెనక నలుగురు. నాయిన తూము బండ మీద కూర్చొని ఉన్నాడు. నేను గటక గిన్నెతో పక్కనే ఉన్నాను.

"మామా, తూము తెరువు. నీళ్లన్నీ కిందికి పోనియ్యి. ఒక్కసారి ఖాళీ అయితే, వచ్చే వానకు మంచి నీళ్లు నిండుతయ్. ఇది ఇట్లనే నిలబడితే ఊరి బాయిలన్నీ ఖరాబైతయ్."

"కింద కొస మడి పొట్ట మీద ఉన్నది పటేలా. ఈ నీళ్లు తాకితే గింజ పట్టది. గింజ ఏంది, మన్నే సస్తది."

"తెలుసు మామా. నాకు మాత్రం పానం కొట్టుకుంటలేదా? ఊరు బతకాలంటే కొసన నాలుగు ఇండ్లు పోతయ్. తప్పది. సర్పంచిని, అందరిని సూసుకోవాలె నేను."

"అందరిని సూసుకునేటట్టయితే ఇంకో తొవ్వ ఉన్నది. నీ మొదటి మడి దిక్కు గండి కొడదాం. నీది పెద్ద మడి, చుట్టు ఎత్తు గట్లున్నయ్, నీళ్లు అక్కడ్నే ఆగుతయ్. కిందికి పోవు. నీకు ఇంకా మెట్ట చెల్కలున్నయ్. వాళ్లకు అదొక్కటే."

వెనక ఉన్న నలుగురిలో ఎవరో నవ్వారు. సత్తిరెడ్డి నవ్వలేదు. నాయిన మొహంలోకి చూస్తూ, పంతులు దగ్గర పాఠం అప్పజెప్పినట్టు మెల్లగా అన్నాడు.

"నీళ్లు కొసకు ముందు, మొదటి మడికి ఆఖరు. నువ్వు జెప్పిందే గద మామా. మరిచినవా?"

నాయిన చెవిలోని చుట్ట తీసి, వెలిగించకుండానే మళ్లీ చెవిలో పెట్టుకున్నాడు. మంచి నీళ్లకు పెట్టిన కట్టడిని ఎవరైనా విషానికి వాడతారని ఆయన ఎన్నడూ అనుకోలేదు. పెద్దలు కూడా అనుకోలేదు, అందుకే అందులో ఆ ముక్క చేర్చలేదు.

తర్వాత అన్నాడు, "రాకాసి మాట గూడ జెప్పిన. అది మరిచినవ్ నువ్వు."

"ఆట వేరే మామా, ఊరు వేరే."

"నేను లేవ," అన్నాడు నాయిన. "ఈ తూము మీద నా చెయ్యి పడది. తెరవాల్నంటే నువ్వే దిగు. నీ చేతులతోని తెరువు."

తూము రంధ్రానికి చెక్క బిరడా, దానికి పైదాకా పొడవాటి కర్ర. ఒండ్రు పేరుకుంటే కర్ర కదలదు, ఛాతీ లోతు నీళ్లలోకి దిగి కింద కదిలించాలి. సత్తిరెడ్డి నీళ్ల వైపు చూశాడు. ఆ నురగ, ఆ చేపలు. తెల్ల బట్టలను ఒకసారి సవరించుకున్నాడు. వెనక్కి తిరిగి పిలిచాడు.

"అంజయ్యా, దిగు. రేపటికెల్లి కంపెనీల పని. నేను మాట్లాడిన."

అంజయ్య అంగీ విప్పుతుంటే బాలమణి పొలం నుంచి కట్టెక్కి ఉరికొచ్చింది, చేతిలో కొడవలితోనే. "ఏమయ్యా, యాడికి? అది ఎవరి మడి అనుకుంటున్నవ్? నీ మడే గద! నీ చేతులతోని నాటు పెట్టిన మడే గదనయ్యా!"

"నేను దిగకుంటే ఇంకొకడు దిగుతడే. గప్పుడు మడి పోతది, పని గూడ పోతది." అని, మా నాయిన ముందు చేతులు జోడించాడు. "మామా, జెర జరుగు."

సర్పంచి చెబితే లేవని మనిషి, అంజయ్య అడిగితే లేచాడు. దాని మీద నేను ఈ వయసు దాకా ఆలోచిస్తూనే ఉన్నాను. పటేల్‌ను ఎదిరించడం ఆయనకు చేతనైంది. ఉన్న ఒక్క మడీ పోతుందని తెలిసి, పనైనా దక్కించుకుందామని చేతులు జోడించినవాణ్ణి ఎదిరించడం చేతకాలేదు. బండ మీద నుంచి లేచి, పక్కకు జరిగి, కర్రకు దారి ఇచ్చాడు. అంజయ్య దిగాడు. బిరడా కదిలినప్పుడు వచ్చే చప్పుడు నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు, లోపల ఎవరో గుటక వేసినట్టు ఉంటుంది. ఆ చప్పుడు వింటే ఊరంతా కాలువల వెంట ఉరికేది. ఆ రోజు ఎవరూ ఉరకలేదు. బాలమణి ఒక్కతే నీళ్ల పక్కన నడుచుకుంటూ పోయింది, తన మడి దాకా. దాన్ని ఆపడానికి కాదు, అది చేరేటప్పుడు అక్కడ ఉండటానికి.

పొట్ట మీద ఉన్న వరి మొదట వంగింది, తర్వాత నల్లబడింది. ఆ గడ్డిని పశువు ముట్టలేదు. అంజయ్యకు మాట ప్రకారం పని ఇచ్చారు, డ్రమ్ములు కడిగే పని. ఆ నీళ్లు తాకిన మేర ఒంటికి పొక్కులు లేచి, అవి మానినా తోలు ముసలివాడి తోలులాగే ఉండిపోయింది. దగ్గుతూ దగ్గుతూ, వాళ్ల పిల్ల పెళ్లీడుకు రాకముందే పోయాడు. వచ్చే వానకు మంచి నీళ్లు నిండుతాయన్నారు. వచ్చే వానకు ఇంకో రంగు వచ్చింది. సత్తిరెడ్డి మొదటి మడి సంగతి కూడా చెప్పాలి. కట్ట కింద ఊట ఆగదు కదా. ఏ ఊటతో ఆ మడి కరువుల్లో బతికిందో, ఆ ఊటలోనే ఆ నీళ్లు మెల్లమెల్లగా దిగి, దాని వేళ్లను అందుకున్నాయి. గండి కొట్టి ఉంటే ఆ ఒక్క మడే పోయేది. కొట్టనందుకు అదీ పోయింది. ఆయన అమ్ముకున్నాడు, ఇప్పుడు అక్కడ గోదాము. ఆయనకు పటాన్‌చెరు దిక్కు ఇల్లుంది, డబ్బా నీళ్లు లారీలో దిగేవి. కొస మడివాళ్లకు దిగలేదు.

నాయిన ఆ తర్వాత కూడా పొద్దున్నే కట్ట మీదికి పోయేవాడు, చెప్పులు విడిచే పోయేవాడు. దోసిలి పట్టేవాడు కాదు. ఊరికే కూర్చొని, మధ్యాహ్నం గటక తిని, వచ్చేవాడు. అమ్మ సణగడం మానేసింది. ఇంట్లో నాకు అంత భయం ఇంకెప్పుడూ వెయ్యలేదు.

ఇదంతా చెప్పి నేను ఆగాను. శ్రీను గోడ వైపు చూస్తున్నాడు.

"అమ్మా, సచ్చినాయన ముచ్చట ఇప్పుడెందుకు?" అన్నాడు. "చెరువు ఖాళీ చేసి ఊరిని కాపాడిండనే మేము వింటిమి. గా కంపెనీలు రాకుంటే మనం ఏం తింటుంటిమి? నేను యాడ ఉంటుంటి?"

వాడి జీతంతో వేసిన స్లాబు కిందే కూర్చొని ఉన్నాను. పొగ భూతం మా ఇంటికి అన్నం పెడుతుంది, నిజమే. బాలమణి మాత్రం మెల్లగా అంది, "నేనేమన్ననా బిడ్డా? ఫ్లెక్సీ మంచిగున్నది. ఆయన పక్కకు జెర జాగా ఉన్నది, అంజయ్య ఫోటో పట్టేటంత."

నవ్య ఫోన్ చేతిలోకి తీసుకుంది. మాకు ఆట ఉన్న రోజుల్లో మట్టి మాది, నియమం నచ్చకపోతే నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడే బాలమణి ఉండేది, అడగడానికి కట్ట మీద ఒక మనిషి ఉండేవాడు. ఈ పిల్లకు ఎవరో, ఎక్కడో కూర్చొని రెండే బటన్లు ఇచ్చారు, మూడోది లేదు. అందుకని నాకు ఆ పిల్ల మీద జాలి వేసింది. ఆపిన ఆట మళ్లీ కదిలింది. పొగ కొండ దిగింది, మూటలు మోసుకుంటూ జనం గేటు దగ్గరికి వచ్చేశారు. బాలమణి మెడ చాచి చూస్తూ ఉంది. నవ్య వేలు అటూ ఇటూ ఊగింది. తర్వాత గేటు మూసింది.

"లెవెల్ పోతది నానమ్మా," అంది, నన్ను చూడకుండా. "ఊకె ఆటనే గద."

కోట నిలబడింది. డప్పులు మోగాయి, రాజు మీద పూలు కురిశాయి. కానీ ఆ ఆట చేసినవాళ్లు ఎంత పనిమంతులో, మూసిన గేటును బయట నుంచి ఆ జనం గుద్దుతూనే ఉన్నారు, చిన్న చిన్న పిడికిళ్లతో. నవ్య కాసేపు చూసింది, మొహం చిన్నబోయింది. ఆపడానికి ఏదో నొక్కింది, ఆగలేదు. ఫోన్‌ను చాప మీద బోర్లించి, పైన దిండు పెట్టి, బాలమణికి ఇంకో గ్లాసు నీళ్లు తేవడానికి లేచింది. దిండు కింద నుంచి ఆ చప్పుడు వస్తూనే ఉంది. బాలమణి దాని మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది, ఏడ్చే పిల్లను నిద్రపుచ్చుతున్నట్టు.

ఇంత దూరం నాతో కూర్చున్నారు, పోయే ముందు మీరూ ఇన్ని నీళ్లు తాగి పొండి, డబ్బావే. మీ ఇంట్లో అన్నం వండిన పూట గడప దగ్గర కూర్చున్న వాళ్ల పళ్లెంలో మొదటి మెతుకు పడాలి. మీ చేతిలో తూము ఉంటే దాని చప్పుడు వినగానే కొసన ఉన్నవాళ్లు నవ్వుకుంటూ ఉరికి రావాలి. మీ ఇంటి మీదికి ఏ రాకాసి వచ్చినా, గుమ్మం దాటి ముందు బయటికి వచ్చేది మీ ఇంటి పెద్దే కావాలి, ఆ మనిషి వెనక మీరంతా ఒక్క అరుపు అరిచి కదలాలి. మీ పిల్లల చేతికి ఆ మూడో బటన్ దొరకాలి.